పసుపు రెక్కల్లో ఎర్ర బొట్టు

ఒకప్పుడు పత్తికీ, గోంగూరకీ, బెండకీ, మందారానికీ పూలు ఒట్టి తెల్లగా ఉండేవి. బొట్టూ కాటుకా లేని మొహాల్లా ఉండేవి.

ఆ నలుగురూ అక్కచెల్లెళ్లు. వాళ్లమ్మ ఒక ముసలి మొక్క. మబ్బులు తగిలే కొండవాలు మీద ఉండేది. ఆకు నలిపితే వేళ్లకి జిగురు అంటుకునేది కాబట్టి అందరూ జిగురమ్మ అనేవారు. ఆ జిగురు కూతుళ్లకీ తలా కాస్త వచ్చింది.

కూతుళ్లు గింజలై బయలుదేరే రోజు వచ్చింది. పడమటి గాలి వచ్చి నిలబడింది.

"తెమలండమ్మా, నేనింకా నాలుగూళ్లు తిరగాలి" అని ఒకటే తొందర.

జిగురమ్మ ఒక్కొక్కరినీ పిలిచి ఒడి నింపింది. పెద్దమ్మాయి పత్తికి మెత్తటి దూది పోసింది. గోంగూరకి పులుపు, బెండకి లేతదనం ఇచ్చింది. మందారానికి తల రుద్దుకుంటే జుట్టు నిగనిగలాడే ఆకు ఇచ్చింది. ఇంతా చేసి, ఆ కంగారులో అసలు సంగతి మరిచిపోయింది. ఆడపిల్లల్ని బొట్టు పెట్టకుండానే సాగనంపింది.

గాలి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. గాలి ఎక్కడైనా పిలిస్తే వెనక్కి వస్తుందా?

ఏళ్లు గడిచాయి. జిగురమ్మ ఆకులన్నీ రాలి, ఒక్క కొమ్మలో మాత్రం పచ్చదనం మిగిలింది. అప్పుడు గాలి మళ్లీ అటు వచ్చింది.

"ఏం చెప్పమంటావు జిగురమ్మా! నల్లరేగడి చేలో నీ పత్తి పక్కనే నీ గోంగూర మొలిచింది. 'దూది చూసి పోల్చుకున్నానక్కా, నీ వేరు కాస్త జరుపుకో, నాకూ నాలుగు చుక్కలు తగలనీ' అంది. పత్తి ఏమందో తెలుసా? 'నా దూది ఊరంతా చూసిందే. చెల్లెలివనడానికి నీ దగ్గర గుర్తేదీ?' అంది. పాపం, ఆ పిల్ల వాడిపోతోంది."

జిగురమ్మ గుండె చెరువైంది. "తప్పు నాదే. నేను కూడా పోతే వీళ్లు ఒక కడుపున పుట్టారని ఎవరు చెబుతారు?" అనుకుంది.

కొండ మీద పొగమంచు మగతగా పడుకుని ఉంది. జిగురమ్మ దాన్ని బతిమాలింది.

"తల్లీ, నేను కదల్లేను, నా పిల్లలూ కదల్లేరు. నువ్వు కొండనీ చేలనీ కప్పేస్తే అంతా ఒక్క ఇల్లే కదా. ఒక్క పొద్దు మమ్మల్ని కలుపు."

"ఎండ వచ్చేదాకానే సుమా" అంది పొగమంచు.

తెల్లారగట్ల మంచు దిగింది. ఏది కొండో ఏది చేనో తెలియలేదు. కలలోలాగా నలుగురికీ గడ్డం కింద అమ్మ చెయ్యి తగిలింది. అమ్మ మొహానికి పసుపు రాసి, నడిమధ్య కుంకుమ పెట్టింది. పత్తికి, గోంగూరకి, బెండకి పెట్టేసరికే తూరుపు తెల్లబడింది. చివర మందారం. తొందరలో చెయ్యి జారి కుంకుమ భరిణె కాస్తా ఆ పిల్ల మీద ఒలికిపోయింది.

"పోనీలే, ఎక్కువైతే నీకే" అని నవ్వింది అమ్మ.

ఎండ వచ్చింది. మంచు విడిపోయింది. కొండవాలు మీద జిగురమ్మ ఎండుపుల్లై మిగిలింది.

చేలో పత్తి కళ్లు తెరిచింది. పక్కన గోంగూర తల వాల్చేసి ఉంది. పసుపు మొహం, నడుమ ఎర్ర బొట్టు. పత్తి ఆకు మీది నీటిచుక్కలో తన మొహం చూసుకుంది. అదే పసుపు, అదే బొట్టు. దానికి ఏడుపొచ్చింది. గబగబా వేరు జరుపుకుంది.

"నాలుగు చుక్కలేమిటే, కడుపునిండా తాగు" అంది.

గోంగూర తాగి, తల ఎత్తి, "అమ్మ వచ్చింది కదక్కా" అంది.

"వచ్చింది. ఇంక రాదే" అంది పత్తి.

అప్పటినుంచే పత్తి, గోంగూర, బెండ లేత పసుపు రెక్కల లోపల ఎర్ర బొట్టుతో పూస్తున్నాయి. మందారం నిలువెల్లా ఎర్రగా ఉంటోంది. పొద్దు వాలేసరికి ఆ పూలన్నీ రెక్కలు మెలిపెట్టి మూసుకుంటాయి. మంచు పడి అమ్మ పెట్టిన బొట్టు చెరిగిపోతుందేమోనని వాటి భయం.