గులాబీ కొమ్మ మీద పంక్తి

“గులాబీలకు పేలు పట్టినాయంట! పో, తలకు నూనె పెట్టి పేల దువ్వెనతో దువ్విరా పో!”

వంటింటి గుమ్మంలో నిలబడి ఇమాంబీ అరిచిన మాట ఇది. పెరట్లో గులాబీ మొక్కల మధ్య ఓబులేసు నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ నడుం మీద.

“నవ్వుకో అత్తా, నవ్వుకో. మందు డబ్బా యాడ దాచినావో చెప్పు ముందు.”

“చెప్పను. నేను కూరలోకి ఆకు తుంచుకునేది ఈ పెరట్లోనే. నువ్వు మందు కొట్టినాక ఆ కూర నువ్వు తింటావా?”

“ఏ ఆకు? ఆ కొత్తిమీరా? ఆకంతా పోయి పూతకొచ్చింది చూడు. దేనికి పనికొస్తుందది? ఈ పొద్దే పీకి పారేస్తా.”

“ముట్టుకో చూద్దాం! ఉండనీ అని సామి చెప్పినాడు.” ఇమాంబీ గరిటె చూపించింది. “నువ్వొచ్చిన రోజు నిన్ను చూసి దొంగ అనుకున్నా. ఆ గడ్డమేంది, ఆ జడలు కట్టిన జుట్టేంది! పంక్తిలోంచి లేపి తరుముదామని చీపురెత్తినా. సామి ఏమన్నాడో తెలుసా? ‘తింటున్నాడు. లేపొద్దు’ అన్నాడు. ఆయన ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నా కొత్తిమీరకు ఈ పొద్దు ఈ గండం ఉండేదే కాదు.”

ఓబులేసు కొత్తిమీరను వదిలి గులాబీల వైపు తిరిగాడు.

సామి అంటే యాకూబ్ షా. గుట్ట కింద చిన్న దర్గా, దాని వెనక ఆయన ఇల్లు, ఇంటి వెనక ఈ పెరడు. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. వంట ఇమాంబీది. మధ్యాహ్నం ఎవరొచ్చినా విస్తరేస్తారు. తిని లేచేదాకా పేరడగరు, ఊరడగరు. పక్కనే ఒకరు విసనకర్ర పట్టుకుని కూర్చుంటారు, ఈగలు వాలకుండా.

అట్లా తిని లేచినవాడే ఓబులేసు. ఇంక పోలేదు. ఆ అన్నానికి బదులు ఏమియ్యాలో తెలియక ఆలోచించి ఆలోచించి, పెరట్లో గులాబీలు పెట్టాడు. మొక్కలు బాగా వచ్చాయి. పోయిన ఏడు ఉరుసు పండగలో, దర్గాలోని సమాధి మీద చాదర్, అంటే పూల దుప్పటి, కప్పేటప్పుడు, అందరి ముందూ అనేశాడు: “వచ్చే ఏడు బజారు పువ్వు ఒక్కటి కూడా వద్దు. చాదరంతా మా పెరటి పూలతోనే.”

అప్పట్నుంచీ జనం ‘సామి పెరడు’ అనడం మానేసి ‘ఓబులేసు తోట’ అనడం మొదలుపెట్టారు. ఆ మాట వింటే అతనికి బాగుండేది. తోటను అద్దంలా పెట్టాలని రాలిన ఆకులన్నీ ఊడ్చి కాల్చేశాడు. మూలన బోర్లా పడున్న కుండ పెంకును అవతల పారేశాడు. దాని కింద ఉన్న కప్ప ఒక్క గెంతు గెంతి గోడ దాటిపోయింది.

ఇప్పుడు ఉరుసు దగ్గరికొచ్చింది. మొగ్గల నిండా పచ్చటి పేనుబంక, రసం పీల్చే పేలంత పురుగులు. ముట్టుకుంటే వేళ్లకు జిగురు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. విచ్చకముందే మొగ్గలు వాడిపోతున్నాయి. అందరి ముందూ అన్న మాట, ఆ అన్నానికి ఇద్దామనుకున్న పూలు, రెండూ ఒక్కసారే పోయేటట్టున్నాయి.

మందు దొరకలేదు. ఇంక చేత్తోనే ఏరుదామని కూర్చున్నాడు. అప్పుడు కనిపించాయి అవి. నల్లగా, ఒళ్లంతా ముళ్లలాంటివి, అక్కడక్కడా నారింజ రంగు మచ్చలు. గోరంత మొసలి పిల్లల్లా కొమ్మల మీద పాకుతున్నాయి. పేనుబంక ఎక్కడ ఎక్కువుందో సరిగ్గా అక్కడే ఉన్నాయి.

“ఓహో! ఈ గుంపుకు పెద్దలు మీరా!” అన్నాడు ఓబులేసు.

సబ్బు నీళ్ల డబ్బా పక్కన పెట్టుకుని ఒక్కొక్కదాన్నే గిల్లి అందులో వేస్తున్నాడు. పేనుబంకను తర్వాత చూసుకోవచ్చు, ముందు పెద్దల పని పట్టాలని.

యాకూబ్ షా ఎప్పుడొచ్చాడో వచ్చి వెనక నిలబడ్డాడు. డబ్బాలోకి చూశాడు. కింద కూర్చుని, పుల్లతో ఒక్కొక్క పురుగునూ నీళ్లలోంచి తీశాడు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి వాటిని దాని మీద పెట్టాడు. కొన్ని కదల్లేదు. కదిలినవాటిని ఆరనిచ్చి, గులాబీ కొమ్మ మీదికి ఎక్కించాడు.

“సామీ, అవి మొక్కను నాశనం చేసేవి…”

ఆయన లేచి లోపలికి పోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో విసనకర్ర ఉంది. పంక్తిలో పట్టుకునేదే. దాన్ని ఓబులేసు చేతికిచ్చి, గులాబీ మొక్క పక్కన పీట వేశాడు.

“కూర్చో.”

“ఎవరికి విసరాల సామీ?”

ఆయన ఆ నల్ల పురుగును చూపించాడు.

“తింటున్నాడు. లేపొద్దు.”

అంతే. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి ఇమాంబీ తొంగిచూసి, “పురుక్కి విసురుతున్నాడే! అల్లుడొచ్చినాడా ఏంది?” అని నవ్వింది. ఓబులేసుకు చెవులు వేడెక్కాయి. అయినా గురువు వేసిన పీట మీంచి లేవలేకపోయాడు.

కూర్చుని ఊరికే చూశాడు. ఇందాకటిదాకా ఏరడానికే చూశాడు గానీ, ఇట్లా ఎప్పుడూ చూడలేదు. ఆ నల్ల పురుగు మెల్లగా పాకి ఒక పేనుబంకను పట్టుకుంది. పట్టుకుని పీల్చింది. పొట్టు మాత్రం మిగిలింది. పక్కదాన్ని పట్టుకుంది. ఆకును ముట్టలేదు. మొగ్గను ముట్టలేదు. ఆకలిగొన్నవాడు ఎట్లా తింటాడో అట్లా, తలెత్తకుండా తింటోంది.

ఓబులేసుకు ఆ తినడం ఎక్కడో చూసినట్టనిపించింది.

అంతలో కింద నుంచి చీమలు బారుగా ఎక్కుతున్నాయి. పేనుబంక కార్చే తీపి కోసం వస్తాయవి. వచ్చి నల్ల పురుగును కరిచి, అక్కడ్నుంచి తోసెయ్యాలని చూస్తున్నాయి. ఓబులేసు గబుక్కున విసనకర్ర అంచుతో చీమల్ని పక్కకు తోశాడు. మళ్లీ ఎక్కాయి. మళ్లీ తోశాడు.

విసనకర్ర ఎందుకిచ్చాడో అప్పుడు తెలిసింది.

పొద్దు వాలేదాకా లేవలేదు. లేచేటప్పుడు మొక్క మొదట్లో పాతగుడ్డ చుట్టి, దానికి ఆముదం పట్టించి పోయాడు, చీమలు ఎక్కకుండా. సామి తువ్వాలు దులిపిన చోట కదలకుండా పడున్నవాటిని ఏరి ఒక మూల మట్టిలో పూడ్చాడు. ఆ పూట అతని విస్తట్లో అన్నం మిగిలిపోయింది. ఇమాంబీ చూసింది గానీ, ఎగతాళి చెయ్యలేదు.

కొన్నాళ్లకు ఆ పురుగులు ఆకులకు అతుక్కుని కదలడం మానేశాయి. చచ్చిపోయాయని ఓబులేసు దిగులుపడ్డాడు. ఒక పొద్దున చూస్తే ఒక్కోదాని వీపు పగిలి, లోపల్నుంచి లేత పసుపు బుడిపెలు బయటికొస్తున్నాయి. ఎండ తగిలేకొద్దీ ఎర్రబడ్డాయి. నల్ల చుక్కలు తేలాయి.

“అత్తా! అక్షింతల పురుగులు!” అని అరిచాడు. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఎగరేసినవే.

అవి ఎగిరి ఎక్కడ వాలాయో తెలుసా? కొత్తిమీర పూతలో. తెల్లటి పూల మీద పుప్పొడి తింటూ కనిపించాయి. వాటితోపాటు గాల్లో నిలబడి ఎగిరే చారల ఈగలు, సన్నటి కందిరీగలు, పేరు తెలియనివి ఎన్నో. ఓబులేసు ఎవర్నీ పేరడగలేదు. పారేసిన కుండ పెంకును వెతికి తెచ్చి మళ్లీ మూలన బోర్లించాడు. పక్కనే మూకుట్లో గులకరాళ్లు వేసి, పురుగులు వాలి తాగేటట్టు నీళ్లు పోశాడు.

ఉరుసు వచ్చింది. మొదటి విడత మొగ్గలన్నీ ముందే పోయాయి కదా, పూలు చాల్లేదు. అల్లిన చాదర్ జానెడు తక్కువైంది. ఓబులేసు తల వంచుకుని దాన్ని గురువు ముందు పెట్టాడు. బజారుకు మనిషిని పంపుదామా అని ఎవరో అడిగారు.

అప్పుడు ఇమాంబీ చీర చెంగు నిండా కొత్తిమీర పూలు కోసుకొచ్చి, ఓబులేసు ఒళ్లో పోసింది. అతను ఆ తెల్లటి పూలతో అంచంతా నింపాడు.

“ఇది చాదరా, చట్నీనా?” అన్నాడు గుంపులో ఒకాయన. అందరూ నవ్వారు. ఓబులేసూ నవ్వాడు. పోయిన ఏడైతే కొట్లాటకు దిగేవాడు.

యాకూబ్ షా వంగి ఆ అంచును కళ్లకద్దుకున్నాడు. చాదర్‌ను తలల మీద ఎత్తుకుని బయల్దేరారు. కొత్తిమీర పువ్వు మీద ఎర్రటి పురుగొకటి ఇంకా అట్లాగే ఉంది. ఇందాక చట్నీ అన్నాయన దాన్ని చూసి, గోటితో కొట్టబోయాడు.

ఓబులేసు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“తింటున్నాడప్పా. లేపొద్దు.”

ముందు నడుస్తున్న యాకూబ్ షా వెనక్కి తిరగలేదు గానీ, ఆయన నడక మెల్లబడింది.

మరి మీ పెరట్లో, మీ గులాబీ కొమ్మ మీద, ఈ పూట పంక్తిలో ఎవరు కూర్చున్నారో చూశారా?