బోణీ బకెట్

ఒక ఊళ్లో పానకాలరావుగారికి ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీ ఉండేది. అచ్చులోంచి బకెట్ తీయడానికి మిషను తలుపు తెరిస్తే అది దానంతటదే ఆగేది. ఆ కాస్త ఆగడం కూడా దండగేనని ఆయన తలుపు స్విచ్చిని తీగతో కట్టించేశాడు. ఇక తలుపు తెరిచి ఉన్నా అచ్చు మూసుకుంటూనే ఉంటుంది. పోయేవి ఆయన చేతులా ఏమన్నా!

మిషను నడిపే నూకరత్నానికి ఒళ్లు మండింది. "చేతులు నలిగిపోతాయండీ" అంటే, "పిరికిదానా! పసిపిల్లాడైనా తీస్తాడు" అని కసిరాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మొదటి బకెట్ యజమానే తీయడం అక్కడి ఆనవాయితీ. పానకాలరావు పట్టుపంచె కట్టుకుని చుట్టాలతో దిగాడు. నూకరత్నం మిషనుకు బొట్టు పెట్టి, నడిపించి, తలుపు తెరిచి పక్కకు తప్పుకుంది.

"బోణీ మీ చేతి మీదుగా కానివ్వండి, అయ్యగారూ."

ఆయన చెయ్యి చాచాడు. అచ్చు ధన్‌మని మూసుకునేసరికి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ముందు ఆ తీగ విప్పు! చెయ్యి పోతే ఎవడిస్తాడు?" అని అరిచాడు.

నూకరత్నం మిషను ఆపి, తీగ విప్పి, అందరూ చూస్తుండగా ఆయన చేతిలో పెట్టింది.

"ఈ మాటే నేనంటే పిరికిదాన్నయ్యాను. మళ్లీ కట్టించాలనిపిస్తే చెప్పండి. ఆ రోజు కూడా బోణీ మీదే."