హైమవతి గారి క్యాసెట్టు, ఫణి ఆంప్లిఫయరు

మా గురువు మస్తాన్ వలీ గారికి ఒక అలవాటు ఉండేది. మైకుసెట్టు కట్టమని ఏ ఊరు పిలిచినా, వెళ్ళగానే సామాను దించనిచ్చేవారు కాదు. జనంలో చివరి వరస ఎక్కడికొస్తుందో అక్కడిదాకా నడిచి, ఒక్కసారి చప్పట్లు చరిచి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఆ తర్వాతే హార్న్‌లు. చీరాల నుంచి కందుకూరు దాకా ఆ హార్న్‌లు కట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఒక్క పూటలో ముప్పై ఆరు, ఒంటిచేత్తో, గాలివానలో! నేను కట్టిన హార్న్‌లో ఎవరైనా "హలో" అంటే సముద్రం మీద పడవలు వెనక్కి తిరిగేవి. ఇది నా గొప్ప కాదు, ఆ పడవలవాళ్ళే చెప్పుకున్నారు.

ఆయన మైకులు మానేసి గడియారస్తంభం దగ్గర రిపేరు కొట్టు పెట్టుకున్నాక దొరికిన శిష్యుడు ఫణిభూషణ్. కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకునేవాడు. ఆదివారాలు మా కొట్టుకొచ్చి సోల్డరింగు నేర్చుకునేవాడు. ఒక ఆదివారం వస్తూనే, కూర్చోకుండా అడిగాడు.

"గురువుగారూ, వినకుండా ఆంప్లిఫయరు ఎంచుకోవడం ఎట్లా?"

సంగతి ఏమిటంటే, నాలుగు నెలల కిందట బెంగుళూరు నుంచి నడుమెత్తు స్పీకరు బాక్సులు రెండు తెప్పించుకున్నాడు. వాటికి తగిన ఆంప్లిఫయరు పెట్టి వినిపించే దుకాణం మా ఊళ్ళో లేదు. మద్రాసు దుకాణంవాడు రెండు రకాలు చెప్పి, ఏది కావాలో ఆ రోజు సాయంత్రం ఆరులోపు తేల్చమన్నాడు, పంపాక వెనక్కి తీసుకోనన్నాడు. ఫోన్లో ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చూస్తే ఒకడు తియ్యగా పలుకుతుందంటాడు, దాన్నే ఇంకొకడు పొడిపొడిగా ఉందంటాడు. ఫణి మా మూడడుగుల కొట్టులో అటూ ఇటూ తిరుగుతూ స్క్రూల డబ్బాని రెండుసార్లు తన్నాడు. నాలుగు నెలలుగా నిద్ర లేని కళ్ళు.

"ఎవరు వినాలి?" అన్నారు గురువుగారు.

"మా అత్తండీ."

మేనత్త హైమవతి గారు ఫణిని పెంచిన మనిషి. పంతొమ్మిదో ఏట రేడియోలో ఒకే ఒక్క పాట పాడింది. ఆ తర్వాత సంసారం, పిల్లలు. ఫణి పుట్టేనాటికే పాట మానేసింది. ఆ పాట ఉన్న క్యాసెట్టు ఈ మధ్య ఒక పాత స్నేహితురాలి దగ్గర దొరికింది. హైమవతి గారికి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. "నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని ఒక్కసారి వినాలిరా, అంతే" అని ఆవిడ కోరిక. మంచి ఆంప్లిఫయరు వచ్చేదాకా ఆ క్యాసెట్టు ముట్టుకోవద్దని ఫణి శాసనం.

"ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?"

"రెండు బాక్సులకీ సరిగ్గా మధ్యలో, టేపుతో కొలిచి, కుర్చీ వేశానండీ."

"ఆ కుర్చీ ఎవరిది?"

ఫణి తిరగడం ఆపి, "నాది" అన్నాడు.

గురువుగారు లేచి చొక్కా తొడుక్కున్నారు. స్కూలు వార్షికోత్సవాలకి వాడే, టేపురికార్డరు కూడా కలిసున్న మా పాత ఆంప్లిఫయరు కేసి చూసి, నాకేసి చూశారు. రంగు పోయి, ఒక మూల సొట్టపడ్డ ఆ పెట్టె నలభై కిలోలుంటుంది. పదిహేనని ఫణి ఇప్పటికీ వాదిస్తాడు. మోసింది వాడు కాదు. ఫణి వాళ్ళింటికి రెండంతస్తులు, ఊపిరి పీల్చకుండా ఎక్కించాను.

హైమవతి గారు తలుపు తీసి మమ్మల్ని చూసి, "రండి మస్తాన్ గారూ. మా ఇంట్లో రెండు బీరువాలు మౌనవ్రతంలో ఉన్నాయి, వాటిని చూడటానికేనా?" అంది. నా చేతుల్లోని పెట్టెని చూసి, "ఇదేంటి నాయనా, పోలీసు స్టేషన్లో వేలానికి పెట్టారా?" అని కూడా అంది.

"అత్తా, అది ఊరికే..." అన్నాడు ఫణి.

"నువ్వాగరా. ఈ నాలుగు నెలల్లో 'ఊరికే' అన్న మాట నీ నోటినుంచి ఇదే మొదలు."

గురువుగారు ఆవిడని రోజూ కూర్చునే చోట కూర్చోమన్నారు. ఆవిడ వంటింటి గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద, ఎడమచెవి హాల్లోకి తిప్పి కూర్చుంది. ఆయన ఆ పక్కన నిలబడి చప్పట్లు చరిచి, కళ్ళు మూసుకుని, తెరిచారు.

"చిన్న గది. నలభై వాట్లు దండి. నీ బాక్సులు కొంచెం మొండివి, కరెంటు ఎక్కువ లాగుతాయి, ఆ బరువుకి వేడెక్కి ఆగిపోనిది తీసుకో. మద్రాసువాడు చెప్పిన రెంటిలో ఏదైనా మోస్తుంది."

"గొంతు ఎట్లా పలుకుతుంది గురువుగారూ? తియ్యగానా, పొడిగానా? అదిగదా నా బాధ!"

గురువుగారు పాత ఆంప్లిఫయరుకి తీగలు కలిపి, ఒక బాక్సుని పీట వైపుకి జరిపి, క్యాసెట్టు వేశారు.

పాట మూడు నిమిషాలు సాగింది. నేను వెయ్యి సభలు విన్నవాణ్ణి, లక్షమంది చప్పట్లలో ఎవరి చేతికి ఉంగరం ఉందో చెప్పగలవాణ్ణి. ఆ మూడు నిమిషాలు మాత్రం హైమవతి గారి ముఖం చూస్తూ ఉండిపోయాను. క్యాసెట్టులో అమ్మాయి ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఈవిడా తీసుకుంది. ఒకచోట పెదవి కొరుక్కుంది. చివర్లో కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఫణి ఒక్కచోట నిలవలేదు. కుడి బాక్సు దగ్గర వంగాడు, ఎడమ బాక్సు దగ్గర వంగాడు, ఆంప్లిఫయరు వెనక్కి దూరాడు, తీగ ఒకటి కదిపి చూశాడు, ఫోన్లో ఏదో రాసుకున్నాడు.

పాట ఆగింది.

"ఒరే ఫణీ," అంది ఆవిడ మెల్లిగా, "ఎట్లా పాడానురా?"

"కుడిబాక్సులో సన్నగా గుర్రుమంటోంది అత్తా. ఎర్తింగు సరిగా లేదేమో. ట్రెబులు కూడా కాస్త గరుకుగా..."

"అవునా" అంది హైమవతి గారు. కొంగు సర్దుకుంది. వంటింట్లోకి చూస్తూ, "కాఫీ పెడతాను" అంది. లేవలేదు.

ఇంత చెవి ఉన్నవాణ్ణి గనక దాచను. ఆ గుర్రు నేనూ విన్నాను. పాట పల్లవి ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే నా పరువూ ఆ గుమ్మంలోనే పోయేది.

అప్పుడే ఫణి ఫోను మోగింది. మద్రాసు దుకాణం. ఫణి ఫోనుకి చెయ్యి చాచి, ఏం చెప్పాలో తెలియక గురువుగారి వంక చూశాడు. అత్త వంక చూసి, తల దించుకున్నాడు. ఫోను మోగి మోగి ఆగింది.

గురువుగారు ఫణి కొలిచి వేసిన ఆ కుర్చీని ఎత్తి తెచ్చి, ముక్కాలిపీట పక్కన వేశారు.

"క్యాసెట్టు వెనక్కి తిప్పు, ఫణీ. ఈసారి మిషనుకి వీపు పెట్టి కూర్చో."