సిస్టరమ్మ బండికి పెద్ద టైర్లు

"మేస్త్రీ గారూ, నేను సొంతంగా షెడ్డు పెట్టుకుంటే నిలబడగలనా?"

లోవరాజు ఈ మాట అడగడం అది మూడోసారి. అప్పలసూరి మేస్త్రికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే అడిగిన మనిషి ముఖం వైపు చూడడు, చేతుల వైపు చూస్తాడు. చూసి తన పనిలో తాను పడిపోతాడు. జవాబు ఒక్కోసారి ఆ సాయంత్రానికి వస్తుంది, ఒక్కోసారి నెలకు వస్తుంది. ఏ రూపంలో వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. చింతపల్లిలో చక్రాలు, టైర్ల పని చేసే షెడ్డు ఆయనది. ఘాట్ మీద తిరిగే బండ్లలో ఆయన చెయ్యి పడనిది తక్కువ. లోవరాజు ఆయన దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. వయసు ముప్ఫై నాలుగు. పని వచ్చు, వచ్చునని అతనికీ తెలుసు. కూడలిలో ఒక స్థలం ఖాళీ అయింది. తీసుకునేదీ లేనిదీ శుక్రవారంలోగా చెప్పమన్నాడు స్థలం ఆసామి. అప్పటి నుంచి లోవరాజు ఒకచోట కుదురుగా నిలబడడం లేదు. చేతిలో పాన ఉండగానే ఫోను తీసి చూస్తాడు, బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తాడు, మాట మధ్యలో వదిలేసి రోడ్డు మీదికి వెళ్లి కూడలి వైపు చూసి వస్తాడు. ఈ సంగతంతా నాకు చెప్పింది లోవరాజే. తన తప్పును తగ్గించి చెప్పలేదు.

ఆ సోమవారం పొద్దున్నే కాంతమ్మ బండి వేసుకుని వచ్చింది. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కొండల మీద అందరూ సిస్టరమ్మ అంటారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఏడు సీట్ల పెద్ద బండి ఒకటి సెకండ్ హ్యాండులో కొని, దారి సరిగా లేని ఊళ్ల నుంచి కాన్పు మనుషుల్ని తానే నడుపుకుంటూ ఆసుపత్రికి తెస్తోంది. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. దాని అవతలి ఊళ్లకు అంబులెన్సు పోదు.

"మేస్త్రీ, జోడుగుమ్మ దగ్గర గెడ్డ దాటుతుంటే బండి కడుపు రాతికి పట్టేసింది. నొప్పులు పడుతున్న పిల్లని నీళ్లలోకి దింపి నడిపించాను. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకోసారి ఆ పని చెయ్యలేను. పెద్ద టైర్లు వెయ్యి" అంది.

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, లోవరాజుతో అన్నాడు: "ఇది నీ షెడ్డు అనుకో. ఏ టైరు వెయ్యాలో, ఏ చక్రం వెయ్యాలో నువ్వే చూడు. నేను ఇవాళ ఏమీ చెప్పను."

లోవరాజుకు కావలసింది అదే. పాత టైరు కంటే ఎత్తులో డెబ్బై మిల్లీమీటర్లు ఎక్కువున్న టైరు తీశాడు. టైరు ఎంత ఎత్తు పెరిగినా బండి కడుపు నేల నుంచి లేచేది అందులో సగమేనని అతనికి తెలుసు. ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు లేస్తే గెడ్డలో రాయి తగలదని లెక్క కట్టాడు. ఆ టైరు వెడల్పుకు పాత చక్రాలు చాలవు కనుక, వేలెడు బయటికి వచ్చే వెడల్పు చక్రాలు బిగించాడు. తరువాత మడ్‌గార్డు లోపలి పలకకు సుద్ద పూసి, స్టీరింగు కుడికి చివరిదాకా, ఎడమకు చివరిదాకా తిప్పించాడు. ముందుకు నడిపించి, వెనక్కి నడిపించి నాలుగుసార్లు చూశాడు. సుద్ద ఎక్కడా చెదరలేదు. పలకకూ టైరుకూ మధ్య చూపుడు వేలు పట్టేంత సందు ఉంది. బండి ఠీవిగా, అడవిపంది ఛాతీ విరుచుకున్నట్టు నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. లోవరాజు మేస్త్రి వైపు చూశాడు. ఆయన వంగి, టైరు పైన ఉన్న సందులో వేలు పెట్టి, తీశాడు.

"బండి ఇంకా వదలొద్దు. ఒకటి చూడాలి" అంటుండగానే కాంతమ్మ ఫోను మోగింది.

జోడుగుమ్మ నుంచి ఆశా కార్యకర్త. పోలమ్మ అనే పిల్లకు తెల్లవారుజాము నుంచి నొప్పులు. తొలి కాన్పు. ఇంకా సమయం ఉందిగాని, బిడ్డ అడ్డంగా ఉందని కిందటి వారమే డాక్టరు చెప్పి ఉన్నాడు. ఇంటి దగ్గర కనడానికి వీల్లేదు. కాంతమ్మ అప్పటికే తాళాలు చేతిలోకి తీసుకుంది. మేస్త్రి క్షణం ఆలోచించి, "పాత చక్రాలు నాలుగూ పైన క్యారియరుకు కట్టు. జాకీ, పానలు వెయ్యి. మనమూ వెళ్దాం" అన్నాడు.

"ఎందుకండీ పాతవి? చూశారు కదా, ఎక్కడా తగల్లేదు" అన్నాడు లోవరాజు.

మేస్త్రి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. లోవరాజు మోకులు బిగించి కట్టాడు. ప్రతి ముడీ అతనికి ఒక అవమానంలా ఉంది. పదకొండేళ్ల తరువాత కూడా తన పని మీద నమ్మకం లేదన్నమాట. ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది? బండి కదిలాక వెనక సీట్లో మోకాళ్లు ఊపుకుంటూ, శుక్రవారం దాకా ఆగక్కర్లేదు, ఇవాళే ఆ ఆసామికి మాట ఇచ్చేస్తానని నిశ్చయించుకున్నాడు.

ఎగుడు దారిలో బండి బాగానే నడిచింది. గెడ్డ దగ్గర కాంతమ్మ వేగం తగ్గించి నీళ్లలోకి దింపింది. కడుపు కింద ఏ రాయీ తగల్లేదు. అవతలి గట్టు ఎక్కాక ఆమె వెనక్కి తిరిగి లోవరాజును చూసి నవ్వింది. అతనూ నవ్వాడు. గెడ్డ దాటాక ఊరికి ఎక్కే మట్టిబాటలో ఒక మలుపు దగ్గర ముందు వైపు నుంచి సన్నగా గీసుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. లోవరాజు విన్నాడు. టైరు గాట్లలో ఇరుక్కున్న గులకరాయి అయి ఉంటుంది అనుకున్నాడు. "కాదని నాకప్పుడే తెలుసు. కాని గులకరాయే అయితే బాగుండునని అంత గట్టిగా అనిపించింది" అని నాతో చెప్పాడు.

జోడుగుమ్మలో పోలమ్మను మధ్య సీట్లో పడుకోబెట్టారు. ఆమె తలను తల్లి ఒడిలో పెట్టుకుంది. మొగుడు బాలన్న, ఆశా కార్యకర్త, లోవరాజు వెనక సర్దుకున్నారు. ఆసుపత్రిలో ఎన్నాళ్లుండాలో తెలియదు కనుక బియ్యం బస్తా, గిన్నెలు, దుప్పట్లు కాళ్ల దగ్గర చేరాయి. బండి దిగుడు దారి పట్టింది. మొదటి మలుపులో ఆ గీసుకునే చప్పుడు మళ్లీ వచ్చింది, ఈసారి ఎక్కువసేపు. రెండో మలుపు కుడి వైపుకు బాగా ఒంగి ఉంటుంది. కాంతమ్మ బ్రేకు తొక్కుతూ స్టీరింగు తిప్పింది. బండి ముక్కు కిందికి దిగింది, బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడింది. రంపంతో చెక్క కోసినట్టు శబ్దం లేచి, కాలిన రబ్బరు వాసన లోపలికి కొట్టింది.

"స్టీరింగు తిరగట్లేదు మేస్త్రీ" అంది కాంతమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం తెల్లబడ్డాయి. బండి లోయ అంచుకు రెండు బారల దూరంలో ఆగింది.

లోవరాజు దూకి వెళ్లి చూశాడు. లోపలి పలక చిరిగి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉండలా చుట్టుకుపోయి ఉంది. టైరు భుజం తురిమినట్టు అరిగింది. పొద్దున వేలు పట్టిన సందు ఇప్పుడు లేనే లేదు. మనుషుల బరువుకు స్ప్రింగు కుంగింది, బ్రేకుకు ఇంకా కుంగింది, బయటికి వచ్చిన వెడల్పు చక్రం స్టీరింగు తిప్పినప్పుడు పెద్ద చుట్టు తిరిగి పలకకు ఒరుసుకుంది. అన్నీ ఒకేసారి. చిరిగిన పలక అంచు నుంచి బ్రేకు నూనె గొట్టం బొటనవేలంత దూరంలో ఉంది. ఇంకొక్క మలుపు వెళ్లి ఉంటే అనే మాటను అతను పూర్తి చేసుకోలేకపోయాడు.

మేస్త్రి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "వెనక చక్రాల కింద రాళ్లు పెట్టు. ముందువి రెండూ మార్చు" అన్నాడు.

పోలమ్మను మెల్లగా దింపి, గట్టు పక్కన దుప్పటి పరిచి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కాంతమ్మ గడియారం చూస్తూ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధి తగ్గుతోందని ఎవరితోనూ అనలేదు. లోవరాజు జాకీ పెట్టి నట్లు విప్పడం మొదలుపెట్టాడు. షెడ్డులో కళ్లు మూసుకుని చేసే పని అది. ఒక నట్టు జారి పొదల్లోకి దొర్లితే బాలన్న మోకాళ్ల మీద పాకి వెతికి తెచ్చాడు. వెనకనుంచి పోలమ్మ మూలుగు వినపడ్డ ప్రతిసారీ పాన పట్టు తప్పింది. ఒకసారి తల ఎత్తి, "మీరు చెయ్యండి మేస్త్రీ గారూ, నా వల్ల కావడం లేదు" అన్నాడు.

"అవుతోంది కదా, కానియ్యి" అన్నాడు మేస్త్రి.

చిరిగిన పలకను కోసి తీసేసి, ముందు రెండింటికీ పాత చక్రాలు బిగించాడు. ముందువి చిన్నవి, వెనకవి పెద్దవి అయ్యాయి కనుక నాలుగు చక్రాలనూ కలిపి తిప్పే గేరు వెయ్యొద్దని కాంతమ్మకు చెప్పాడు. మిగతా మలుపులు చప్పుడు లేకుండా దిగారు. ఇక గెడ్డ ఉంది. బండి ముక్కు మళ్లీ పాత ఎత్తులోకి వచ్చింది. గట్టు మీద బండి ఆపి కాంతమ్మ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. "మళ్లీ దింపాలా?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

"వద్దు సిస్టరమ్మా. కొంచెం ఆగండి" అన్నాడు లోవరాజు.

ప్యాంటు మడవకుండానే నీళ్లలో దిగాడు. మోకాలి పైకి వచ్చే చల్లటి నీళ్లలో అడుగడుగూ పాదాలతో తడుముకుంటూ కడుపుకు తగిలే రాయి ఎక్కడుందో పట్టుకున్నాడు. అది కదిలించగలిగేది కాదు. బాలన్నను పిలిచి, జాకీ రాడ్డుతో మీటి రెండు చదును రాళ్లను దొర్లించి, ఎడమ చక్రాలు ఎక్కి వెళ్లేటట్టు వరసగా పేర్చాడు. తాను వాటి మీద నిలబడి గెంతి చూశాడు. బాలన్నను కూడా ఎక్కించి మళ్లీ గెంతాడు. తరువాత ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, చేతులతో దారి చూపించాడు. మధ్యలో ఒకచోట రాయి కడుపును నాకినట్టు గీసింది. కాంతమ్మ ఆగబోతే అతను పోనివ్వమని తల ఊపాడు. బండి ఇవతలి గట్టు ఎక్కింది. అంతసేపూ మేస్త్రి ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రికి చేరిన గంటలోపల ఆపరేషను చేశారు. లోవరాజు తడి బట్టలతో మెట్ల మీద కూర్చున్నాడు. లేచి తిరిగాడు, మళ్లీ కూర్చున్నాడు. నాలుగింటికి కాంతమ్మ బయటికి వచ్చి, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అని చెప్పింది. పక్కనే కూర్చుని, "నీ టైర్లు గెడ్డ దాటించాయి, అది కూడా నిజమే" అంది. అతను ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి షెడ్డుకు వచ్చేసరికి కాంతమ్మ బండికి పెద్ద టైర్లు విప్పేసి ఉన్నాయి. పాత చక్రాలకే, పాతదాని కంటే నలభై మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఎక్కువున్న టైర్లు ఎక్కించి ఉన్నాయి. లోవరాజు ఏడుగురి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు సీట్ల మీద వేశాడు. ఎడమ ముందు చక్రం కింద చెక్క దిమ్మ పెట్టి, ఆ వైపు స్ప్రింగు పూర్తిగా కుంగేటట్టు చేసి, స్టీరింగు చివరిదాకా తిప్పి, కింద పడుకుని టార్చి వేసి చూశాడు. దిమ్మ అటు మార్చి రెండో వైపు చూశాడు. రెండు వైపులా సందులో రెండు వేళ్లు పట్టాయి. కడుపు కింద రాళ్ల దెబ్బ కాచుకోవడానికి ఉక్కు పలక ఒకటి బిగించాడు. గెడ్డలో తాను పేర్చిన రాళ్లను వానలకు కదలకుండా గట్టి చేసి రావాలని, అందుకు బాలన్నను రమ్మన్నానని కాంతమ్మకు చెప్పి పంపాడు.

ఇంత చేసినా అతని మనసు నెమ్మదించలేదు, కూడలి స్థలం ఆసామికి ఇంకా మాట ఇవ్వలేదు. బండి వెళ్లిపోయాక చేతులు తుడుచుకుంటూ మేస్త్రి ఎదుట నిలబడ్డాడు.

"మేస్త్రీ గారూ, నాకు ఇప్పటికీ ఒకటి మింగుడు పడడం లేదు. నిన్న ఇక్కడ నాలుగుసార్లు తిప్పి చూశాను. ఒక్కసారి కూడా తగల్లేదు. మీరూ చూశారు."

మేస్త్రి అతని చేతుల వైపు చూశాడు. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది. ఈసారి ముఖం వైపు కూడా చూశాడు.

"చూశాను. అప్పుడు బండిలో ఎవరూ లేరు కదా, లోవరాజూ."