నూకన్న మడమ

వానాకాలంలో పడవ మునిగి పదకొండు మంది పోయాక, రేవు పడవలన్నీ సర్కారే తీసుకోవాలని దివాను రంగశాయి పట్టుబట్టాడు. ససేమిరా వీల్లేదన్నాడు పడవల ఆసామి చెల్లమనాయుడు. ఆరు నెలలు వాదించుకుని రాజీ కుదుర్చుకున్నారు. పడవలు ఆసామివి, అజమాయిషీ దివాణానిది.

ఆ పత్రం మీద రాజముద్ర పడాలంటే ఇద్దరూ ఏరు దాటి కోటకు వెళ్లాలి. పడవ నడిపే నూకన్న వాళ్లను ఎక్కించుకున్నాడు. నడి ఏట్లో తన మడమ కాస్త పక్కకు జరిపాడు. పలకల సందులోంచి నీళ్లు ఉబికాయి.

"ఒరే నూకన్నా, చిల్లురా ఇది" అన్నాడు దివాను.

"చిత్తం. ఎవరు పూడ్చాలో పత్రం చూసి చెప్పండి బాబూ."

"పడవ నాయుడిది. అతనే పూడ్చాలి."

"దివాణం సెలవు లేనిదే పలక ముట్టకూడదని రాయించింది తమరే కదా" అన్నాడు నాయుడు.

వాళ్ల వాదన తెగలేదు. నీళ్లు చీలమండలు దాటాయి. అప్పుడు నూకన్న మళ్లీ మడమ పెట్టి చిల్లు నొక్కేశాడు.

"పదేళ్లుగా దీన్ని మూస్తున్నది ఈ మడమే బాబూ. ఆ వానల్లో మునిగిన పడవలో మా తమ్ముడి మడమ ఒక్కసారి జారింది, అంతే. పడవ ఎవరిదైతే నాకేం. ఏటా తొలకరికి మొదటిసారి దాటేటప్పుడు మీరిద్దరూ ఇందులో కూర్చుంటారని ఒక్క ముక్క రాయండి, చాలు."

ఆ ముక్క రాసి, రాజముద్ర వేయించడానికి నెల పట్టింది. వడ్రంగి మాత్రం ఆ సాయంత్రమే వచ్చాడు.