పెట్ట మెడలో ఎర్ర బొచ్చు

వరాలు చుక్కల కోడిపెట్ట. వయసు రెండేళ్లు. తెల్లారగానే కంచె చుట్టూ ఒకసారి తిరిగొస్తే గాని గింజ ముట్టదు.

ఆసామి పారేసిన టీవీ డొల్ల ఒకటి పశువుల పాక ముందు పడి ఉండేది. సాయంత్రాలు వరాలు, కోడిపుంజు వీర్రాజు వంతులేసుకుని అందులో కూర్చుని వార్తలు చదివేవాళ్లు. ఎద్దు బసవయ్యదీ మేక చుక్కమ్మదీ ముందు వరస. నక్క శేషాచలం మాంసం మానేశానంటూ కంచె అవతల కూర్చుని వినేవాడు.

ఆ రోజు వంతు వరాలుది. "నీళ్లతొట్టి వెనక కంచె కింద ఎవరో కన్నం తవ్వుతున్నారు. పిల్లల తల్లులు జాగ్రత్త," అని చదివింది. తన గుడ్లు కూడా రేపో మాపో పిల్లలవుతాయి.

"అదేంటమ్మా, తోక అలా రేగిపోయింది? నలుగురిలోకి వచ్చేటప్పుడు కాస్త దువ్వుకోవద్దూ?" అన్నాడు శేషాచలం, ఎంతో బాధపడుతూ.

"నేనూ అదే అనుకుంటున్నా. గొంతు కూడా కీచుమంటోంది," అంది చుక్కమ్మ.

"ఇలాంటివి వీర్రాజు చదివితేనే నమ్మబుద్ధేస్తుంది," అన్నాడు బసవయ్య నెమరేస్తూ.

వీర్రాజుకి అసలు తోకే లేదు. పోయినేడు కుక్క పీకేసింది. దాన్ని మాత్రం అందరూ అనుభవం అనేవాళ్లు.

"మరి కన్నం సంగతి?" అంది వరాలు.

"ఏ కన్నం?" అన్నారు ఎద్దూ మేకా.

మర్నాడు పొద్దున చూస్తే కన్నం ఇంకా పెద్దదైంది. వరాలు దాని ముందు చాలాసేపు నిలబడింది. వీళ్లు చూసేది నా ఒంటినే అయితే, వార్తని ఒంటికే తగిలిస్తాను అనుకుంది.

ఆ సాయంత్రం వీర్రాజు వంతు తనే అడిగి తీసుకుంది. తోక నున్నగా దువ్వుకుని, మెడ చుట్టూ ఎర్రటి బొచ్చు చుట్టుకుని టీవీలో కూర్చుంది. ఇంకా నోరు తెరవనే లేదు.

"ఆహా! ఇప్పుడు కళగా ఉన్నావు. ఆ బొచ్చు ఎక్కడిదమ్మా?" అన్నాడు శేషాచలం.

"మీదే అన్నయ్యా. తొట్టి వెనక కన్నంలో తీగకి చిక్కుకుని ఉంటే తెచ్చుకున్నాను."

అందరి మెడలూ నక్క వైపు తిరిగాయి. వీపు నడిమధ్య బోడిగా ఉంది.

"చలికాలం కదా, రాలిపోతోంది..." అంటూ శేషాచలం వెనక్కి జరిగి జరిగి, పొలాలకి అడ్డంపడి పరుగు తీశాడు. బసవయ్య బండరాయి దొర్లించుకొచ్చి కన్నం మూసేశాడు.

"అయినా ఆ బొచ్చు నీకు నప్పిందే వరాలూ," అంది చుక్కమ్మ.

వార్త చెప్పేదాని ఈకలు లెక్కపెడుతూ కూర్చునేవాళ్ల ఇంటికే నక్క ధైర్యంగా వస్తుంది.

మర్నాటి నుంచి ముఖ్యవార్తలన్నీ వరాలే చదివింది. వంటలూ వాతావరణమూ వీర్రాజుకి ఇచ్చేసింది.