మిషను చూసిన మచ్చ

మస్తాన్‌కి పెద్ద చిక్కే వచ్చిపడింది. దర్గాకి వచ్చేవాళ్ళు మునుపు కోర్టు కేసుల గురించి, కుదరని పెళ్ళిళ్ళ గురించి అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవర్ని కదిలించినా ఏఐ గురించే. అది బతికిస్తుందా, బతుకు తీస్తుందా?

వాళ్ళకి జవాబు చెప్పడం మస్తాన్ పని. గురువు జమాల్ బాబా గురువారాల్లో ఎవరితోనూ మాట్లాడడు. జనం నీళ్ళ సీసాలు మూత తీసి వరండాలో పెడతారు. ఆయన దువా చదివి ఒక్కో సీసా మీద ఊదుతాడు. పొద్దువాలేదాకా చాప దిగడు. పెళ్ళి పిలుపొచ్చినా, చావు కబురొచ్చినా అంతే. అందుకే గురువారం దర్గాలో మాటంతా మస్తాన్‌దే. ఆ సంగతి అతనికి కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ గురువారం పెళ్ళికార్డులు కంపోజు చేసే సుభాని వచ్చి, తన పని పోతుందేమోనని దిగులుపడ్డాడు. "భయపడొద్దు. మనిషికి సాటి ఏదీ రాదు" అన్నాడు మస్తాన్.

కాసేపటికి పుల్లయ్య మాస్టారు వచ్చాడు. ఇక అన్ని రోగాలకీ మందులొచ్చేస్తాయని ఆయన సంబరం. "అంత నమ్మొద్దు మాస్టారూ. రేపు మనల్నే మింగేస్తాది" అన్నాడు మస్తాన్.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. చెప్పులు మళ్ళీ విడిచి వెనక్కి వచ్చారు.

"ఇంతకీ మింగుతాదా, మింగదా?" అన్నాడు సుభాని.

అంతలో ఖైరున్నిసా అనే ఆవిడ వచ్చింది. చేతిలో సీసా లేదు, స్కానింగు కవరు ఉంది.

"ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని ఏఐ మిషను చెప్పిందంట అన్నా. డాక్టరేమో నాకేం కనపళ్ళేదంటాడు. సూదేసి ముక్క తీసి చూస్తే గానీ తెలీదంట. ఈ మధ్యాన్నమే రమ్మన్నారు. దేన్ని నమ్మేది?"

మస్తాన్ ఆమె మొహంలోకి చూశాడు. నమ్మమంటే ఆమె గుండె ఇక్కడే ఆగిపోయేలా ఉంది. నమ్మొద్దంటే వెనక్కి తిరిగి ఇంటికి పోయేలా ఉంది. పొద్దుటినుంచి తను చెప్పిన మాటలు తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. వరండాలో బాబా దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, నాకేమీ అర్థం కావడం లేదు. మిషను నిజమా, డాక్టరు నిజమా?"

బాబా ఊదడం ఆపి మెట్ల వైపు చూశాడు. ఆమె కవరును రెండు చేతులతో గుండెకి అదుముకొని నిలబడి ఉంది.

"ఆయమ్మ వెంట ఎవురొచ్చినారు?"

"అడగలేదు బాబా."

బాబా చాప మీంచి లేచాడు. వరండాలో జనం గోలపెట్టారు. సగం సీసాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"బాబా, ఈ రోజు గురువారం" అన్నాడు మస్తాన్.

"మూతలు పెట్టుకోమను. దుమ్ము పడతాది."

మెట్ల దగ్గర పుల్లయ్య మాస్టారు అడ్డం వచ్చాడు. "మీరైనా చెప్పండి బాబా. ఇది మంచికా, చెడుకా?"

"నాకు తెలీదు నాయనా" అన్నాడు బాబా. తర్వాత ఖైరున్నిసా వైపు తిరిగాడు. "ఆస్పత్రి బస్సు ఎక్కడ ఆగుతాది బిడ్డా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని రోడ్డు వైపు చూపించింది.

మస్తాన్ గేటుదాకా వెంటబడ్డాడు. "మనకేమీ తెలీదు కదా బాబా. ఆడికిపోయి మీరేం చేస్తారు?"

"పక్కన కూచుంటా."